డాక్టరమ్మ భుజం, నా గాజు పలక

పోయిన ఏడాది దసరాకి ముందు సంగతి ఇది. మా అమ్మకి అన్నం తిన్న గంటకల్లా కుడివైపు పక్కటెముకల కింద పట్టేసినట్టు నొప్పి వస్తోందని అక్క ఫోన్ చేసింది. అమ్మ అప్పుడు హిందూపురంలో అక్కావాళ్ళింట్లో ఉంది కాబట్టి సరిపోయింది. ధర్మవరంలో మా ఇంట్లో ఉండుంటే ఎవరికీ చెప్పేది కాదు, ఒక గోలీసోడా తాగి పడుకునేది. డాక్టరు కడుపు స్కానింగు రాశాడట. నేను శనివారం పొద్దున్నే బెంగుళూరులో రైలెక్కి, రెండు గంటల్లో హిందూపురంలో దిగి, రాత్రి నుంచీ ఏమీ తిననివ్వలేదని అలిగి కూర్చున్న అమ్మని తీసుకుని స్కానింగు సెంటరుకి బయల్దేరాను.

హిందూపురం మీకు తెలుసు కదా. చింతపండు, బెల్లం, మిరపకాయల మార్కెట్టున్న ఊరు. పక్కనే కర్ణాటక. అందుకని స్కానింగు సెంటర్లో బెంచీల మీద లేపాక్షి, మడకశిర వాళ్ళతో పాటు గౌరిబిదనూరు, పావగడ వాళ్ళూ కూర్చునుంటారు. గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు తెలుగులోనూ, కన్నడంలోనూ ఉంది. మా టోకెను నంబరు 34. అప్పటికి టైము పదిన్నర.

మా వంతు వచ్చేసరికి అమ్మ "నువ్వు గూడా రారా నాయనా, ఆయమ్మ ఏమడుగుతాదో నాకేం తెలుసు" అని నన్ను లోపలికి లాక్కెళ్ళింది. చీకటి గది, ఏసీ చలి. తలుపు తియ్యగానే నాకు మొదట కనబడింది డాక్టరమ్మ కాదు, మెషీను.

అది మా కంపెనీ మెషీను!

ఇక్కడ నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను బెంగుళూరులో అల్ట్రాసౌండ్ మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. (పేరు చెప్పను, ఇంకా జీతం వాళ్ళే ఇస్తున్నారు.) మా బంధువులకి నా పని ఏమిటో ఇంతవరకూ అర్థం కాలేదు. "కంప్యూటర్లో" అని చెప్పి ఊరుకుంటాను. అలాంటిది నేను రాసిన కోడు, నేను గీసిన బటన్లు, మా సొంత జిల్లాలో, మా అమ్మ కడుపు చూడ్డానికి ఎదురుగా వెలుగుతూ కనబడితే ఎలా ఉంటుంది? తెరమీద సినిమాలో మన ఊరు కనబడినట్టుంది. ఆపుకోలేక అనేశాను, "మేడమ్, ఈ మెషీన్ మా కంపెనీదే. కింద ఉన్న టచ్ ప్యానెల్ నేనే చేశాను."

ఆవిడ తెర మీంచి కళ్ళు తియ్యలేదు. అమ్మ కుడి డొక్క మీద ప్రోబు నొక్కుతూ, "ఊపిరి పీల్చి పట్టుకోమ్మా... వదులు... మళ్ళీ పట్టుకో" అంటూ పని పూర్తి చేసింది. పిత్తాశయంలో రెండు రాళ్ళున్నాయంది. భయపడాల్సిందేం లేదనీ, సర్జన్ని కలవమనీ చెప్పింది. అప్పుడు తిరిగి నా వైపు చూసి, "ప్యానెల్ నువ్వు చేసిందేనా? అయితే రెండుగంటలకి రాప్పా. నీతో పనుంది" అంది.

మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. నిజం. అమ్మకి ఇడ్లీలు తినిపించి ఇంట్లో దింపి, తల దువ్వుకుని మరీ వెళ్ళాను.

రెండుంబావుకి పేషెంట్లు అయిపోయారు. డాక్టరమ్మకి యాభై దాటుంటాయి, సన్నగా ఉంటుంది. టిఫిన్ డబ్బా మూత ఎడమచేత్తో తీసింది. ముద్ద కూడా ఎడమచేత్తోనే, చెంచాతో తింది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. "ఎడమచేతివాటం అనుకునేవు, కాదు. మధ్యాన్నానికి ఇది పైకి లేవదు" అంది.

తర్వాత మెషీను స్విచ్చి ఆపేసింది. అది ఆన్‌లో ఉండగా అర్హత ఉన్న డాక్టరు తప్ప ఇంకొకరు చేయి పెడితే గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం (1994లో వచ్చింది, 2003లో బిగించారు) ఒప్పుకోదు. మంచం మీద ఒక దిండు పెట్టి, ఇదే పేషెంటు అంది. నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి ప్రోబు నా కుడిచేతిలో పెట్టింది. "దిండు మీద ఆనించి నొక్కి పట్టుకో. కళ్ళు తెర మీద. ఎడమచెయ్యి నీ ప్యానెల్ మీద. ఐదు నిముషాలు ఉండు చాలు. నేను రోజుకి నాలుగైదు గంటలుంటా."

మొదటి నిముషం నవ్వొచ్చింది. రెండో నిముషంలో భుజం మీద ఎవరో వేలుపెట్టి నొక్కుతున్నట్టు మొదలైంది. దిండు మంచానికి ఆ చివర, గోడవైపు ఉంది. నా చెయ్యి ఒంటికి దూరంగా, గాల్లో, రెక్కలా లేచి ఉంది. ప్రోబు వైరు తన బరువుతో మణికట్టుని కిందకి గుంజుతోంది. తెర ఎదురుగా లేదు, ఎడమపక్కకి ఉంది, మెడ అటు తిప్పాలి. నడుం ఇటు, మెడ అటు, చెయ్యి ఇంకెటో. మూడో నిముషం నిండకుండానే కింద పెట్టేశాను.

"దిండు కాబట్టి అక్కడ పెడితే అక్కడుంది. ఆడవాళ్ళు అట్ల కాదు. సిగ్గుతో గోడకి అతుక్కుపోయి పండుకుంటారు. దగ్గరికి జరుగమ్మా, హత్తిర బన్నీ అని రోజుకి వందసార్లు చెప్తా. జరుగుతారు, మళ్ళా ఊపిరి పీల్చేటప్పుడు అటే పోతారు. లావుగా ఉన్నవాళ్ళకి ఇంకా గట్టిగా నొక్కాల. జెల్లు పూసిన ప్రోబు జారిపోతాది, ఇంకా గట్టిగా పట్టుకోవాల. అయిపోయిందా భుజం?"

అయిపోయింది.

ఆ రాత్రి అక్కావాళ్ళింట్లో కూర్చుని చదివాను. నాలుగేళ్ళుగా ఈ రంగంలో ఉండి అప్పుడు చదివాను, సిగ్గుచేటే. ఇది కొత్త జబ్బేం కాదు. అమెరికాలో "సోనోగ్రాఫర్ భుజం" అన్న మాట 1985లోనే పుట్టింది. 2009 నాటి ఒక సర్వేలో, స్కానింగు చేసేవాళ్ళలో నూటికి తొంభైమంది నొప్పితోనే పని చేస్తున్నామన్నారు. తొంభైమంది! అక్కడి ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ 2006లో దీనిమీద ప్రత్యేకంగా ఒక పత్రం వేసింది. మంచం ఎత్తు మారేలా ఉండాలి, కుర్చీ ఎత్తు మారాలి, పేషెంటుని దగ్గరికి జరపాలి, చేతికింద ఆసరా ఉండాలి. భుజాన్ని ఒంటినుంచి ముప్పై డిగ్రీలకి మించి పక్కకి ఎత్తకూడదని ఈ రంగంవాళ్ళు చెప్పే లెక్క. నేను దిండు మీద పెట్టిన చెయ్యి డెబ్భై డిగ్రీలు ఉండి ఉంటుంది.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. అక్కడ ప్రోబు పట్టుకునేది దానికోసమే చదివిన టెక్నీషియన్లు. డాక్టరు తర్వాత బొమ్మలు చూసి రిపోర్టు రాస్తాడు. ఇక్కడ చట్టంవల్ల పట్టుకునేదీ డాక్టరే, చూసేదీ డాక్టరే, గర్భిణులైతే ఫారం-ఎఫ్ నింపించేదీ డాక్టరే. ఆ చట్టం ఎందుకొచ్చిందో మనందరికీ తెలుసు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఒక చిన్న ఊళ్ళో స్కానింగు మొత్తం ఒకే ఒక్క మనిషి కుడిభుజం మీద నడుస్తోందన్న సంగతి మాత్రం ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఆ భుజం ఆగిపోతే హిందూపురం మనిషి అనంతపురమో బెంగుళూరో పోవాలి.

ఇక్కడ నాకు భలే నచ్చిన ఒక పాత కథ చెప్తాను. అల్ట్రాసౌండ్ మొదట మనుషుల కోసం పుట్టలేదు. ఇనుములో, వెల్డింగు అతుకుల్లో పగుళ్ళు కనిపెట్టడానికి వాడేవారు. గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ అనే స్త్రీల వైద్యుడు 1955లో, ఆపరేషన్లలో తీసిన కణుతుల్ని బాయిలర్లు చేసే ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళి ఆ పరికరంతో పరీక్షించాడు. తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఆయనతో కలిశాడు. 1958లో లాన్సెట్ పత్రికలో వాళ్ళ వ్యాసం వచ్చినప్పుడు బ్రౌన్‌కి పాతికేళ్ళు. నాకంటే చిన్నవాడు! తొలిరోజుల మెషీన్లు చూస్తే మంచం మీద వంతెన కట్టినట్టుంటాయి, కింద పడుకున్నామెకి గుండె జారిపోవాలి. ఆ మెషీను రూపం ఎలా ఉండాలో చెప్పమని డ్యూగల్డ్ కామెరాన్ అనే ఆర్టు స్కూలు విద్యార్థిని అడిగారు. అతను దాన్ని మంచం పక్కన నిలబడే వస్తువుగా మార్చి గీశాడు. పడుకున్నవాళ్ళు భయపడకూడదు, నడిపేవాళ్ళకి అన్నీ చేతికందాలి అన్న ఆలోచనతో. డయాసోనోగ్రాఫ్ అన్న పేరుతో 1960లలో అమ్మిన మెషీన్ల వెనక ఆ గీతలున్నాయి. కామెరాన్ తర్వాత అదే గ్లాస్గో ఆర్టు స్కూలుకి డైరెక్టరయ్యాడు. అంటే ఈ రంగం మొదలైన ఐదారేళ్ళకే, "పట్టుకునేవాళ్ళ సంగతేమిటి?" అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడిగారు. అరవై ఏళ్ళ తర్వాత నా గాజు పలక దగ్గరికొచ్చేసరికి ఎవరూ అడగలేదు.

ఇంతకీ గాజు పలక గొడవేమిటంటే...

శబ్దం ఒంట్లోకి పోయేకొద్దీ నీరసపడుతుంది. లోతు నుంచి వచ్చే ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది, బలహీనంగా వస్తుంది. అందుకని ఎంత ఆలస్యంగా వస్తే అంత ఎక్కువ పెంచి చూపించాలి. పాత మెషీన్లలో దీనికి ఎనిమిది చిన్న మీటలు వరసగా ఉంటాయి, టేప్‌రికార్డర్ల మీద ఈక్వలైజర్ ఉండేదే, అచ్చం అలాగే. టి.జి.సి. స్లైడర్లంటారు. ఒక్కో మీట ఒక్కో లోతుకి. అనుభవం ఉన్న డాక్టర్లు వాటిని చూడకుండా, వేళ్ళతో తడిమి, కళ్ళు తెరమీదే ఉంచి సర్దేస్తారు. హార్మోనియం వాయించేవాడు మెట్లు చూసుకుంటాడా?

మా కొత్త మోడల్లో ఆ ఎనిమిది మీటలూ తీసేసి టచ్ ప్యానెల్ మీద బొమ్మలుగా పెట్టాం. ఆ పని నాకిచ్చారు. కారణాలు చెడ్డవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. మీటల సందుల్లోకి జెల్లు పోయి గట్టిపడుతుంది. తుడవడం కష్టం. విరిగితే మార్చాలి. గాజు పలకైతే ఒక్క తుడుపు. కానీ అసలు కారణం మాత్రం మీటింగులో మా పెద్దాయన అన్న ఒక్కమాట: "ఫోన్‌లా ఉండాలి." ఇంక చూస్కోండి. నేను స్లైడర్లు కదుపుతుంటే నీలిరంగు వెలుగు పాకేలా చేశాను. మూడు వారాలు పట్టింది ఆ వెలుగుకి. టీమంతా వచ్చి తాకి చూసి బావుందన్నారు. అందరం నిలబడి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, ఎదురుగా వంగి, ముప్పై సెకన్లు తాకి చూశాం.

డాక్టరమ్మ చెప్పింది విన్నాక ఆ నీలి వెలుగు మీద నాకే అసహ్యం వేసింది. గాజు మీద తడిమితే ఏముంటుంది? ఏమీ తెలీదు. కాబట్టి కిందకి చూడాలి. కిందకి చూస్తే కుడిచేతిలో ప్రోబు కదిలిపోతుంది. కదిలితే మళ్ళీ వెతుక్కోవాలి, ఆ వెతుక్కునే సేపూ భుజం గాల్లోనే. పైగా వేలికి కాస్త జెల్లు అంటితే స్లైడరు ఒకటి జరపబోతే రెండు జరుగుతాయి. "ఒక్కో పేషెంటుకి అరనిముషం ఎక్కువ పడుతోంది నీ వెలుగుతో" అంది. యాభైమందికి ఇరవై ఐదు నిముషాలు. నేను మూడు నిముషాలు ఆగలేకపోయిన భంగిమలో.

అన్నట్టు ఆవిడ ఊరికే కూర్చోలేదు. వడ్రంగిని పిలిపించి మంచం అంచుకి అర్ధచంద్రంగా గాడి కోయించింది, స్టూలు ఇంకో జానెడు దగ్గరికి పోయేలా. వైరు బరువు మణికట్టు మీద పడకుండా మెడచుట్టూ వేసుకుంటుంది. ("పాములోడి మాదిరి ఉంటా గదా" అని నవ్వింది.) పేషెంటు డొక్కకీ తన మోచేతికీ మధ్య పాత దుప్పటి మడిచి పెడుతుంది. మొత్తం ఖర్చు ఆరేడు వందలు. మెషీను ఖరీదు లక్షల్లో.

మర్నాడు ఆదివారం. ధర్మవరం ఇంటికి పోతూ మధ్యలో పెనుకొండలో దిగాను. ఇంజనీరింగులో నా రూమ్మేటు వాళ్ళ అన్న అక్కడ ఒక ఎక్స్‌రే సెంటర్లో టెక్నీషియను. విజయనగర రాజులు 1565 తర్వాత రాజధాని చేసుకున్న కొండ కింద, ఒక మేడ మెట్ల పక్కన చిన్న గది. నా బుర్రలో భుజాలు తిరుగుతున్నాయి కాబట్టి పలకరింపులు అవగానే అడిగాను, "అన్నా, నీకెక్కడ నొప్పి?"

"నడుము" అన్నాడు, ఆలోచించకుండా. ఆయన టేబుల్ ఎత్తు మారదు. తుంటి విరిగిన ముసలాయన్ని తెస్తే, ఈయనా, ఆయన కొడుకూ కలిసి ఎత్తి పడుకోబెట్టాలి. పద్నాలుగు బై పదిహేడు అంగుళాల క్యాసెట్టు కింద ట్రేలో పెట్టాలి, తియ్యాలి, రీడరు దగ్గరికి తీసుకెళ్ళాలి, మళ్ళీ తేవాలి. మోకాళ్ళ ఎక్స్‌రే అయితే పేషెంటు నిలబడతాడు, ఈయన నేలమీద గొంతుక్కూచోవాలి. "చీకటిగదిలో ఫిలిం కడిగే రోజులకంటే నయమేలే, ఆ మందునీళ్ళ వాసనకి అన్నం సయించేది గాదు" అన్నాడు. అంటే నయమే. నేను కాదనను. కానీ ఫిలిం పోయి డిజిటల్ వచ్చాక బొమ్మ మారింది, సాఫ్ట్‌వేరు మారింది, ఆయన ఒంగే కోణం మాత్రం మారలేదు.

నా రూమ్మేటేమో ఎర్రమంచి వైపు కార్లకి విడిభాగాలు చేసే ఒక కంపెనీలో సూపర్‌వైజరు. 2019లో అక్కడ కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక చుట్టూ వచ్చినవాటిలో అదొకటి. వాడు చెప్పిందేంటంటే, వాళ్ళ లైనులో బరువైన పనిముట్లు పైనుంచి స్ప్రింగుకి వేలాడుతుంటాయి, చేతిమీద బరువు పడదు. బల్ల ఎత్తు మనిషికి తగ్గట్టు మార్చొచ్చు. రెండు గంటలకోసారి పని మారుస్తారు, ఒకే కండరం మీద రోజంతా పడకుండా. కార్మికుల మీద ప్రేమ ఏమీ కాదు, చెయ్యి నొప్పి పుడితే నట్టు సరిగ్గా బిగియదు, కారు వెనక్కి వస్తుంది. తమ్ముడు బిగించే నట్టుకి ఉన్న శాస్త్రం అన్న ఎత్తే పేషెంటుకి లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకే సాంబారు.

ధర్మవరం చేరేసరికి సాయంత్రం. మా మేనమామ ఇంట్లోంచి జకార్డు మగ్గం చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఆదివారం కదా మామా అంటే, పెళ్ళిళ్ళ సీజను కదా అల్లుడూ అంటాడు. మామది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు గుంటలో తొక్కుళ్ళ మీద పెట్టి నేస్తాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం మగ్గాన్ని ఒక మెషీనులా చూశాను. కుడిచేతికి అందేది కుడిచేతి దగ్గరే ఉంది. చూడాల్సింది ఎదురుగా ఉంది, మెడ తిప్పక్కర్లేదు. "గుంట లోతు ఎంత మామా?" అన్నాను. "మా నాయన పొట్టోడు. ఆయన తవ్వుకున్న గుంటలో నా మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఆయన పోయినంక నేను నాలుగేళ్ళు లోతు చేసుకున్యా" అన్నాడు. నాలుగు వేళ్ళని.

నా గాజు పలక పంతొమ్మిది దేశాలకి పోతుంది, అన్నిచోట్లా ఒకటే కొలత. మామ గుంట ఒక్కడి మోకాళ్ళకి కొలిచి తవ్వింది.

అలాగని పాతదంతా గొప్పదని పాట ఎత్తుకోబోవడం లేదు. మామకి నడుం పోయి ఆరేళ్ళయింది. ముందుకి ఒంగి కూర్చోవడం, రోజుకి పది పన్నెండు గంటలు, తొక్కుడు, చేత్తో నాడె విసరడం. గట్టివాన పడితే గుంటలోకి నీళ్ళు ఊరతాయి, ఆ తడిలోనే కాళ్ళు. కొలిచి తవ్వినా గుంట గుంటే. నడుం ఎక్స్‌రే కవరు గోడకి మేకుకి వేలాడుతోంది.

"ఎక్స్‌రే తీసినప్పుడు ఏం పని చేస్తావని అడిగారా మామా?"

"పేరడిగినారు. వయసడిగినారు. డబ్బులడిగినారు."

1700లో ఇటలీలో రమజ్జీని అనే వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకమే రాశాడు. రోగిని అడిగే ప్రశ్నల్లో "నీ పనేమిటి?" అన్నది కూడా చేర్చండి అని తోటి వైద్యులకి చెప్పాడు. మూడొందల ఏళ్ళు దాటింది. మన చేనేతకి కూడా 1985లో చట్టం చేసి, ఫలానా చీరలు మరమగ్గాల మీద నెయ్యకూడదన్నారు. చీరని కాపాడేందుకు అదైనా ఉంది. నేసేవాడి వెన్నుపూసలకి ఏముంది?

నేను డాక్టరమ్మ సంగతి చెప్తే మామ నవ్వాడు. "నొప్పి లేకుండా పని యాడుంటాదిరా అల్లుడూ. ఆయమ్మ ఏసీలో కూర్చోనుంటాది గదా" అన్నాడు.

ఈ మాట మీరూ వినే ఉంటారు. మా అమ్మ అంటుంది, మా మేనేజరు ఇంకో రకంగా అంటాడు. నాకు ఈ మాటంటే ఒళ్ళుమంట. అప్పటి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం వాళ్ళమ్మ కూడా ఇదే మాట అనుకుని ఊరుకోవచ్చు. ఒక్క చీరకి ఆసు పోయాలంటే చెయ్యి తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ తిప్పాలి, నాలుగైదు గంటలు. ఆవిడ భుజం చూసి, ఆరో తరగతితో చదువు ఆపేసిన కొడుకు ఏళ్ళతరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. గంటన్నరలో చీర. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా కూడా వచ్చింది. మనవాళ్ళు ఆ కథని పట్టుదల కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అది భుజం కథ. అతను ముందు అమ్మ భుజాన్ని చూశాడు, తర్వాత చెక్కా మేకులూ తీశాడు. బీటెక్ చదివిన నేను ముందు నీలి వెలుగు చూశాను.

సోమవారం ఆఫీసుకెళ్ళి మెయిలు రాశాను. మొదటి జవాబు: "మంచి పరిశీలన, బ్యాక్‌లాగులో పెడదాం." బ్యాక్‌లాగు అంటే మన సర్కారు ఆఫీసుల్లో బీరువా పైభాగం లాంటిది. రెండో మెయిలుకి మీటింగు పెట్టారు. మీటలు మళ్ళీ పెట్టడం కుదరదన్నారు, అచ్చులు తయారైపోయాయి, ఖర్చు. సేల్సాయన ఒక్కమాటన్నాడు, అది మాత్రం నిజం: "కొనేముందు ఎవరూ భుజం గురించి అడగరు. బొమ్మ ఎలా ఉంది, రేటెంత, అంతే." అవును మరి, ఈ నొప్పి వారంటీ అయిపోయాక గానీ మొదలవదు. షోరూములో పది నిముషాలు పట్టుకుని చూస్తే ఏం తెలుస్తుంది?

అప్పుడు నాకో ఉపాయం తోచింది. మంచం లేదు కాబట్టి మీటింగు బల్ల మీద మా టెస్టింగు టీము కుర్రాణ్ణి పడుకోబెట్టాను. వాడు డెబ్భైఎనిమిది కిలోలు. మా పెద్దాయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ప్రోబు చేతికిచ్చి, కళ్ళు తెరమీద పెట్టి, ఎడమచేత్తో మూడో స్లైడరు ఒక్కటి కదపమన్నాను. ఐదు నిముషాలు. ఆయన పంతంమనిషి, నాలుగు నిముషాల ఇరవై సెకన్లు ఆగాడు.

ఫలితం? పెద్దగా సంబరపడేదేం కాదు. వెలుగు తీసేశాం. చూడకుండా వాడగలిగేలా మార్చాం: పలక మీద ఎక్కడ వేలు పెట్టినా అక్కడినుంచే స్లైడరు మొదలవుతుంది, తెరమీద బొమ్మ పక్కన ఏ లోతు సర్దుతున్నామో గీత కనబడుతుంది. కళ్ళు దించక్కర్లేదు. జెల్లు తడికి పొరబడకుండా రెండో వేలిని పట్టించుకోదు. డాక్టరు ఒకసారి సర్దుకున్నది కడుపుకి వేరే, గర్భానికి వేరే గుర్తుపెట్టుకుంటుంది. ఎనిమిది నెలలు పట్టింది, అందులో కోడు రాసింది మూడు వారాలు. సరిగ్గా వెలుగుకి పట్టినంతే. మంచం సంగతీ, కుర్చీ సంగతీ మాన్యువల్లో బొమ్మలతో ఒక పేజీ చేర్పించాను. ఎవరు చదువుతారంటారా? నేనూ అదే అన్నాను.

అమ్మకి ఆపరేషనయింది, రాళ్ళు ఒక సీసాలో వేసిచ్చారు, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. మామకి మాత్రం నేనేమీ చెయ్యలేకపోయాను. కూర్చునేచోట వీపుకి ఆనుకునే చెక్క ఒకటి పెట్టించబోతే రెండురోజులకే పీకేశాడు, మోచెయ్యి తగిలి నాడె సరిగ్గా పోవడంలేదట. తప్పు నాదే, ఆయన్ని కూర్చోబెట్టి కొలవకుండా చేయించాను. ఈసారి వెళ్ళినప్పుడు కొలుస్తాను.

కొత్త సాఫ్ట్‌వేరు హిందూపురం మెషీనులో వేశాక డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"బాగుంది. చూడకుండా అవుతాంది" అంది. తర్వాత, "సరే, ఆ వైరు సంగతేం చేసినావు? ఇంకా నా మెడమీదే ఉంది" అంది.

"వైరు మా టీము కాదు మేడమ్, హార్డ్‌వేరు వాళ్ళది."

"వాళ్ళని గూడా ఒక రోజు రెండుగంటలకి పంపీ."

వచ్చే నెల ఇద్దరు వస్తామన్నారు. దిండు రెడీగా పెట్టమని చెప్పాను.